నిండు భూమి అంచు

నాలుగో నెల, మూడో తేదీ

మెస్సులో స్టీలు పళ్ళేలు మళ్ళీ తగ్గాయి. వంటమనిషి మంగతాయారు, “పిల్లలు తోమేటప్పుడు చెత్తగొట్టంలో పడేసుంటారండీ” అంటుంది. పళ్ళెం పట్టేంత చెత్తగొట్టం ఈ తెల్లరేవులో నేనెక్కడా చూడలేదు. నవ్వి ఊరుకున్నాను. నేను నవ్వి ఊరుకున్నానంటే ఆ మనిషి మీద ఓ కన్ను వేసి ఉంచానని అర్థం.

ఈ దినచర్య రాజధానిలో ఎవరు చదువుతారో నాకు తెలియదు గనక నా గురించి నేనే చెప్పుకుంటాను. నా పేరు హైమావతి. తెల్లరేవు బడిలో దేశ పాఠం చెబుతాను. హాస్టలు కూడా నా పెత్తనంలోనే ఉంది. పిల్లలు వెనకాల నన్ను దుర్భిణి మేడం అంటారు. అననివ్వండి. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూడడం తప్పేమీ కాదు.

నాలుగేళ్ళప్పుడు మా నాన్న నన్ను భూమి నుంచి ఈ చంద్రుడి మీదకి తెచ్చాడు. అక్కడిది నాకు గుర్తున్నది వాన చప్పుడొక్కటే. అది కూడా నిజంగా గుర్తుందో, ఎవరో చెబితే నాదనుకున్నానో అనుమానమే.

పౌరోత్సవం ఇంకో రెండు వారాల్లో ఉంది. పదహారు నిండిన పిల్లలకు ఆ రోజు చంద్రదేశపు పౌరసత్వం ఇస్తారు. అంతకు ముందు ఒక్కొక్కరి మీద నడత నివేదిక రాసేది నేను. ‘మనసు ఇక్కడే ఉంది’ అని రాస్తే ఉంటారు. ‘మనసు చీలింది’ అని రాస్తే ఓడ ఎక్కించి భూమికి పంపేస్తారు. ఇక్కడ పుట్టినవాళ్ళ ఎముకలు అక్కడి బరువుకి ఆగవు. ఇక మంచమే వాళ్ళకు లోకమైపోతుంది. అది తెలిసి కూడా రాయాలి. మనసు ఇక్కడ లేనివాళ్ళ చేతికి ఈ ఊరి గాలి మీటలు ఇస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

సాయంత్రం ఉత్తరపు కిటికీ దగ్గర సైదమ్మ నిలబడి ఉంది. ఆ కిటికీలోంచి కనిపించేది భూమి ఒక్కటే. చూడడం నేరం కాదు. కానీ మా బడిలో పనిగట్టుకుని ఎవరూ చూడరు. “ఏముందమ్మా అక్కడ?” అన్నాను. “ఏం లేదు టీచర్, ఊకెనే” అంది. ఊరికే నిలబడే పిల్ల అలా కళ్ళు చికిలించదు.

నాలుగో నెల, అయిదో తేదీ

పొద్దున్న హాజరంటే ఇక్కడ తలలు చూడడం కాదు, చెవులు చూడడం. ప్రతి చెవిలోనూ చెవిబిళ్ళ ఉండాలి. పక్కవాళ్ళు ఏ భాషలో మాట్లాడినా అది సామాన్య భాషలోకి మార్చి చెబుతుంది. ఎవరు ఎక్కడున్నారో నా తెరకి కూడా చెబుతుంది. ఆ రెండో పని గురించి పిల్లలకు మేం చెప్పం. వాళ్ళకు తెలియదని అనుకుంటాం.

హాజరయ్యాక పండుగ గంట. పుట్టగానే ప్రతి బిడ్డకూ మూడు గడులు నింపుతారు: భాష, ఆచారం, మతం. ఆ గడులను బట్టి ఎవరి గది వాళ్ళది. ఒక గదిలో హారతి, ఒక గదిలో నమాజు, ఒక గదిలో ప్రార్థన. గోడలు మందంగా కట్టారు, ఒకరి చప్పుడు ఇంకొకరికి వినపడదు. ఎవరినీ ఏదీ మానమని ఈ దేశం అనలేదు. పక్క గది తలుపు తొయ్యొద్దని మాత్రం అంది. తొలి ఏళ్ళలో జనం గొడవలు పడి ఒకరి సొరంగానికి ఇంకొకరు గాలి కట్టేసిన రోజులు నేను చిన్నప్పుడు చూశాను. మా నాన్న నన్ను వీపున వేసుకుని పరిగెత్తాడు. గోడలంటే నాకిష్టం.

ఇవాళ క్లాసులో సైదమ్మ లేచి నిలబడింది.

“టీచర్, ఒకటడుగుత. భాష ఒక గడి, ఆచారం ఒక గడి, మతం ఒక గడి. మరి దేశం ఏ గడిల ఉంటది?”

“గడులన్నిటినీ పట్టుకునే పెట్టె దేశం” అన్నాను. పుస్తకంలో ఉన్న జవాబే.

“పెట్టె మూత దీస్తే లోపల మళ్ళ గడులేనాయె టీచర్.”

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అలాంటి ప్రశ్న పదహారేళ్ళ పిల్లకు దానంతటదే పుట్టదు, ఎవరో నేర్పి ఉంటారు.

సైదమ్మ సంగతి కొంచెం చెప్పాలి. రెండు నెలల కింద ఆరో సొరంగం కూలినప్పుడు వాళ్ళమ్మ అందులో పోయింది. తండ్రి అంతకుముందే లేడు. అప్పటినుంచీ హాస్టల్లోనే ఉంటోంది. పాపం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ చంద్రుణ్ణి మళ్ళీ భూమి ఏలుబడిలో కలిపేయాలని చూసే భూపక్షంవాళ్ళు ముందుగా చెయ్యి వేసేది ఇలాంటి పిల్లల భుజాల మీదే. దుఃఖంలో ఉన్నవాళ్ళకు తీయగా మాట్లాడేవాళ్ళు కావాలి.

మధ్యాహ్నం ఇంకో సంగతి బయటపడింది. గాలితలుపుల పక్కన ప్రమాదం కోసం చుట్టి ఉంచే ఎర్రగుడ్డల్లో రెండు చుట్టలు లేవు. మంగతాయారేమో బెల్లం డబ్బా సగమైందని గోల. స్టీలు, ఎర్రగుడ్డ, బెల్లం. ఈ మూడూ కలిపి ఏం చేస్తారో నాకింకా అంతుపట్టలేదు.

నాలుగో నెల, ఏడో తేదీ

అంతుపట్టింది.

మధ్యాహ్నం తిండి వేళకు నా తెర మీద సైదమ్మ, కలందరు, ఎస్తేరు చుక్కలు మూడూ మెస్సులో ఒకే బల్ల దగ్గర వెలుగుతున్నాయి. మెస్సులోకి వెళ్తే ఆ బల్ల ఖాళీ. వంగి చూస్తే బల్ల కింద గిన్నెలో మూడు చెవిబిళ్ళలు ఉన్నాయి. చూశారా, వాళ్ళకు తెలియదని మేం అనుకుంటున్న సంగతి!

నేరుగా ఉత్తరపు కిటికీకి వెళ్ళి స్తంభం చాటున నిలబడ్డాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు. సైదమ్మది పంతులుగారి గది, కలందరుది మౌలానాగారి గది, ఎస్తేరుది ప్రార్థన గది. మూడు గదుల పిల్లలు చెవిబిళ్ళలు తీసి ఒక్కచోట చేరారు. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే గనక వాళ్ళకు బిళ్ళల అవసరం లేదు. నాకూ లేదు.

“ఇంకా నిండుగానే ఉండాది” అన్నాడు కలందరు, అద్దానికి ముక్కు ఆనించి.

“లేదెహె, అటుపక్కన అంచు తగ్గింది చూడు. కొరికినట్టు లేదూ?” అంది ఎస్తేరు.

“ఒక్కల కండ్లకు గొడితే సరిపోదు” అంది సైదమ్మ. “ఇద్దరు ముగ్గురికి గొట్టాలె. అప్పుడే మొదలు.” కాసేపు చూసింది. “ఆఁ, నాకు గూడ గొడ్తున్నది. కలందరూ, నీకో?”

“కనపడె, కనపడె!”

ముగ్గురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. సంతోషపడతారనుకున్నాను. సైదమ్మ కళ్ళు తుడుచుకుంది.

నేను చప్పుడు చేయకుండా వచ్చేశాను. భూమి నిండి, ఒక్క అంచు తగ్గగానే ఏదో మొదలవుతుంది. దానికి ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలట. ఇది సంకేతం కాకపోతే మరేమిటి? పళ్ళేలు వెలుతుర్ని తిప్పి కొట్టడానికి. ఎర్రగుడ్డ దీపానికి అడ్డం పెట్టడానికి. పక్షంలో ఏ రోజు పంపాలో భూమి అంచే చెబుతుంది. బెల్లం ఒక్కటే ఇందులో ఇమడలేదు. అది మంగతాయారు ఇంటికి పోయి ఉంటుంది.

నాలుగో నెల, తొమ్మిదో తేదీ

తోట గదిలో పాలకూర మడి వాడిపోతోందని చెబితే చూడ్డానికి వెళ్ళాను. మొక్కలకు వెలుతురిచ్చే ఎర్ర దీపాల్లో ఒకటి పైన లేదు. కింద మడి మధ్యలో ఉంది. మట్టిని గుండ్రంగా గుంట తవ్వి అందులో పడుకోబెట్టారు. చీకట్లో చూస్తే నిప్పుల గుండంలా ఉంది. ఈ ఊళ్ళో నిప్పు కంటే పెద్ద నేరం లేదు. చెయ్యి పెట్టి చూస్తే వేడి లేదు, ఉత్త దీపమే.

నీళ్ళ తొట్టి వెనకాల మూట దొరికింది. విప్పాను. పళ్ళేలు కత్తిరించి చేసిన చేతులు, అయిదు వేళ్ళతో, ఒక్కోటి ఒక్కో ఇనప కడ్డీకి బిగించి. మణికట్ల దగ్గర ఎర్రగుడ్డ పట్టీలు కట్టారు. అంచులు ఎంత శ్రద్ధగా అరగదీశారంటే, నేను చెప్పిన ఇంటిపని ఏనాడూ అంత శ్రద్ధగా చేసినవాళ్ళు కారు ఈ పిల్లలు. ఎవరి ముద్ర ఇది? ఎత్తిన చెయ్యి ఏ పక్షానిది?

ఒకటి కొంగు చాటున పెట్టుకుని, మిగతావి ఎక్కడివక్కడే ఉంచి, ముందు మౌలానాగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

“వెనకట భూమ్మీద కొన్నూళ్ళలో ఇలాంటివి చేసేవాళ్ళని విన్నానమ్మా. మా పట్టికలో ఇది లేదు. ఇది మా గదిది కాదు. ఆ ఊళ్ళలో మీ పంతులుగారి వాళ్ళే ఎక్కువ చేసేవాళ్ళట.”

పంతులుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ముట్టుకోకుండానే, “మనది కాదమ్మా, వాళ్ళది” అన్నారు. “వాళ్ళు మీదంటున్నారండీ” అంటే, “అయితే ఎవరిదీ కాదు, రాసుకో” అని లేచారు. ప్రార్థన గదిలో అడిగితే అసలు ఎప్పుడూ చూడలేదన్నారు.

నాకు సందేహం తీరిపోయింది. మతమైతే ఏదో ఒక గది తనదని ఒప్పుకునేది. ఏ గదీ ఒప్పుకోలేదంటే అది మతం కాదు, రాజకీయం. మూడు గదుల పిల్లల్ని కలిపి కట్టగలిగేది ఇంకేముంటుంది?

సాయంత్రం నివేదిక పంపాను. సైదమ్మ పేరే రాశాను, ముందుండి నడిపింది ఆమే గనక. ‘మనసు చీలింది.’ రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగిన మాట నిజం. ఆ పిల్ల నడక గుర్తొచ్చింది. ఇక్కడి పిల్లలందరిలాగే అడుగు తీసి అడుగు వేయదు, తేలుతుంది. భూమ్మీద అలా తేలనివ్వరు. అయినా పంపాను.

నాలుగో నెల, పన్నెండో తేదీ

రాజధాని నుంచి జవాబు వచ్చింది. ఐక్యతా శాఖ అధికారి మేనకగారు ఎల్లుండి విచారణకు వస్తున్నారట. సైదమ్మకు ఓడలో చోటు ముందే పెట్టేశారు. ప్రిన్సిపాల్ పురుషోత్తంగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. “మీ కళ్ళే కళ్ళండీ హైమావతిగారూ!” ఆ మనిషి ఎప్పుడూ నన్ను పొగడలేదు. పొగిడాడంటే తన మీదకి ఏదో రాకుండా చూసుకుంటున్నాడని అర్థం.

విచారణకు ముందు ఆ చేతుల్ని స్వాధీనం చేసుకోవాలి. తిండి వేళకు మళ్ళీ బల్ల కింద గిన్నెలో బిళ్ళలు కనిపించేసరికి తోట గదికి వెళ్ళాను. ఈసారి ముగ్గురే కాదు, చాలామంది ఉన్నారు. కొందరి ఇళ్ళలో ఏ భాష మాట్లాడతారో కూడా నాకు సరిగా తెలియదు. తలుపు సందులోంచి చూస్తే ఎర్ర దీపం గుంట చుట్టూ తిరుగుతున్నారు. కడ్డీలు భుజాన ఎత్తి పట్టుకున్నారు. నోట్లో ఏదో రాగం. నా చెవిబిళ్ళ దాన్ని మార్చి చెప్పింది: “వక్తలు విచారంగా ఉన్నారు. అర్థం లభ్యం కాలేదు.” కాసేపాగి మళ్ళీ అదే: “వక్తలు విచారంగా ఉన్నారు. అర్థం లభ్యం కాలేదు.”

చిరాకేసి బిళ్ళ తీసేశాను.

అప్పుడు వినిపించింది. ఒకరు తెలుగులో పాడుతున్నారు, ఒకరు ఉర్దూలో, ఒకరు నాకు బొత్తిగా తెలియని మాటల్లో. మధ్యమధ్య పేర్లు వస్తున్నాయి. పేరు రాగానే అందరూ కలిసి గుండెల మీద చెయ్యి కొట్టుకుంటున్నారు. ఆ పేర్లు నాకు తెలుసు. ఆరో సొరంగంలో పోయినవాళ్ళవి.

తలుపు తోశాను. పాట ఆగిపోయింది. ఎవరూ పారిపోలేదు.

“ఏమిటిది సైదమ్మా?”

“పీర్లు టీచర్.”

“అంటే?”

“పీర్లంటే...” తల గోక్కుంది. అంత తెలిసినదాన్ని ఎలా చెప్పాలో ఆమెకూ తెలియలేదు. “మా అమ్మోళ్ళ ఊర్ల ఏటేట నిలవెడ్తరట. ఎన్కట ఒక యుద్ధంల నీళ్ళు దొరకక సచ్చిపోయిన పెద్దమనుషులకు ఏడుస్తరు. పది దినాలు. ఊరంత ఏడుస్తది. ఎవలు ఏ దేవుని మొక్కుతరని ఆ పది దినాలు ఎవ్వలడగరంట. మేం మొక్కేది ఇంట్ల వేరే దేవుళ్ళనే, అయినా పీరు ఎత్తేది మా తాతనే. నా పేరు గూడ అట్ల మొక్కుకుంటే పెట్టిందే.”

“మరి భూమిని ఎందుకు చూశారు? అంచు తగ్గితే మొదలు అన్నావు. నేను విన్నాను.”

సైదమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇంత చిన్నది నాకు తెలియదా అన్నట్టు. “ఆడ నెలపొడుపు సూసి మొదలువెడ్తరు టీచర్. మనం నెల మీదనే ఉన్నమాయె, మనకు నెలేడ గొడ్తది? ఆడోళ్ళకు సన్నగ నెల గొట్టిననాడు మనకు భూమి అంచు సన్నగ తగ్గుతదని అమ్మ చెప్పింది. అందుకనే దాన్ని సూసుకున్నం.”

ఇంత తేలికైన లెక్క నాకు తట్టనే లేదు. నా లెక్కలో అది సంకేతం.

“బెల్లం?”

“మలీదకు” అంది ఎస్తేరు సిగ్గుపడుతూ. మూలన గిన్నెలో రొట్టెలు బెల్లంతో కలిపి నలిపిన ముద్దలున్నాయి. “పీర్లకి పెట్టి మేం తినేస్తామండీ.”

నాకు కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియని కోపం. “మీ గదులున్నాయి కదా! పోయినవాళ్ళకు సంతాప సభలు పెట్టాం కదా! పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఒక్కో గదికీ నేను తిరిగి ఏర్పాట్లు చూశాను.”

“సూసిన్రు టీచర్.” ఆ పిల్ల గొంతు పెద్దది చేయలేదు. “మా అమ్మ, కలందరు వాళ్ళ నాయన, ఎస్తేరు వాళ్ళన్న, అందరు ఒక్కకాడనే పోయిన్రు. గాలి అయిపోయిందాక ఒకరి చేతులొకరు వట్టుకుని ఉన్నరని సొరంగం మైకుల వినవడ్డది. ఒక్క సొరంగంల పోయిన్రు. మమ్మల్నేమో మూడు గదుల్ల ఏడ్వమన్నరు.”

చేతిలోని సంచీ వెనక్కి పెట్టుకున్నాను.

“విప్లవన్నకైతే గది గూడ లేదు” అంది. “పెద్దగయినంక మతం గడి ఖాళీ చేయించుకున్నడని. ఏ గదిల ఏడ్వాలె ఆయనకు? ఎవ్వలు ఏడ్వలే.”

విప్లవ్ మా హాస్టలు గాలిపంకాలు బాగుచేసేవాడు. గడి ఖాళీ చేయించుకున్న మనిషని నేను అతని మీద కూడా కన్నేసి ఉంచాను. అతనూ ఆరో సొరంగంలో పోయాక ఆ కన్ను తీసేశాను, అంతే. అతని కోసం ఎవరు ఏడ్చారని నాకు తట్టనే లేదు. గుంట అంచున గుచ్చిన చేతుల్లో చివరిది చూపించింది సైదమ్మ. “అది విప్లవన్నది.”

కళ్ళు మండాయి. తోట గదిలో తేమ ఎక్కువ, అందుకేమో అనుకున్నాను. కాదు. ఏడుపే.

స్వాధీనం చేసుకోవడానికి తెచ్చిన సంచీ మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను.

నాలుగో నెల, పదమూడో తేదీ

పొద్దున్నే రాజధానికి వార్త పంపాను, నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని. వెంటనే జవాబు వచ్చింది. పంపిన నివేదిక వెనక్కి రాదట.

రోజంతా నాలో నేను వాదించుకున్నాను. దుర్భిణి మేడం ఊరుకుంటుందా? ఏడుపు నిజమైతే మాత్రం, ఆ ఏడుపు చాటున ఇంకేమీ లేదని ఎవరు చెప్పారు? మూడు గదుల పిల్లలు ఒక గుంట చుట్టూ చేరడం అలవాటు చేసుకున్నారు. ఇవాళ ఏడవడానికి చేరారు. రేపు దేనికి చేరతారు? మా నాన్న పరిగెత్తినప్పుడు వెనకనుంచి తరిమినవాళ్ళు కూడా మొదట్లో ఎక్కడో కలిసి కూర్చుని ఏడ్చినవాళ్ళే అయి ఉంటారు. ఆ పిల్ల కట్టుకథ చెప్పి ఉంటే? అంత చక్కగా మాట్లాడే పిల్ల కట్టుకథ చెప్పలేకపోతుందా?

చెప్పగలదు. కానీ మైకులో ఆ చివరి మాటలు నేను కూడా విన్నాను. అందులో భాషలు మారాయి, దేవుళ్ళ పేర్లు మారాయి, ఎవరూ ఎవరినీ ఆగమనలేదు. ఆ రోజు సగం విని ఆపేశాను.

నాలుగో నెల, పద్నాలుగో తేదీ

విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. మేనకగారు నా వయసావిడే, మెత్తగా మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడే అధికారుల్ని నేను అసలు నమ్మను. ఒకవైపు మౌలానాగారు, పంతులుగారు కూర్చున్నారు. బల్ల మీద ప్రిన్సిపాల్ గారు తోట గదిలోంచి తెప్పించిన స్టీలు చేతులున్నాయి. సైదమ్మ ఎదురుగా నిలబడింది.

“ఇది ఏ మతానిది పాపా?”

“తెల్వదు మేడం. మా అమ్మ చెప్పింది, చేసిన.”

“ఏ భాషలో చేస్తారు?”

“ఎవలకు వచ్చింది వాళ్ళు పాడినం.”

మేనకగారు మౌలానాగారి వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపారు. పంతులుగారు తల అసలు ఎత్తనే లేదు.

“చూశావా? దీన్ని తమదనేవాళ్ళు ఎవరూ లేరు. పుట్టింది భూమ్మీద, రోజు పెట్టేది భూమిని చూసి. మరి నీ మనసు ఎక్కడుందని నేను అనుకోవాలి? నీ దేశం ఏది?”

సైదమ్మ కాళ్ళ కింది నేల వైపు చూపించింది. “ఇదే మేడం. మా అమ్మ ఈ మట్టిలనే ఉంది. ఆరో సొరంగాన్ని మీరు మళ్ళ తవ్వలే, మూసేసిన్రు. ఇంకో దేశం నాకేడిది?”

నాకు తెలిసిన దేశ పాఠాల్లో ఈ జవాబు లేదు. ఇన్నేళ్ళు పెట్టె, గడులు అని చెప్పుకొచ్చాను. పోయిన మనవాళ్ళు ఏ మట్టిలో ఉన్నారో అదే దేశమని నాకెవరూ చెప్పలేదు. మా నాన్న కూడా ఈ మట్టిలోనే ఉన్నాడు.

మేనకగారు నిట్టూర్చారు. “బాధగానే ఉంది. కానీ నివేదిక నివేదికే. చీలిన మనసు అని రాశాక మాకు రెండే దారులు. ఒకటి ఓడ. రెండోది పూచీ. ఈ ఊరి పౌరులెవరైనా ఆమెకు పూచీ పడితే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా, ఏ చిన్న తప్పు బయటపడినా, ఇద్దరూ కలిసి ఓడ ఎక్కాలి. అడగడం నా విధి గనక అడుగుతున్నాను. ఎవరైనా ఉన్నారా?”

ఆ నిబంధన పుస్తకంలో ఉన్నట్టు నాకు తెలుసు. ఎవరూ వాడుకోగా మాత్రం చూడలేదు. మౌలానాగారు వేళ్ళు చూసుకున్నారు. పంతులుగారు దగ్గారు. ప్రిన్సిపాల్ పురుషోత్తంగారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

“నేనున్నాను” అన్నాను.

మేనకగారు నా వైపు తిరిగారు. “మీరా? నివేదిక రాసింది మీరే కదండీ!”

“నేనే.”

“అయితే ఈ అమ్మాయి మీద మీ అనుమానం పోయిందన్నమాట.”

అబద్ధం చెబితే పని తేలికైపోయేది. నోరు రాలేదు.

“పోలేదండీ” అన్నాను. “నాకు ఎవరి మీదా పోదు. అది నా జబ్బు. ఈ పిల్ల రేపు ఏం చేస్తుందో నాకు తెలియదు. మీరేం చేస్తారో అంతకన్నా తెలియదు. అయినా పూచీ ఉంటాను.”

“ఇన్నేళ్ళు ఇక్కడున్నాక మీ ఎముకలు కూడా అక్కడి బరువుకి ఆగవు. తెలుసు కదా?”

“తెలుసు.”

మెత్తని మొహంతో ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. ఇక నుంచి నా మీద కూడా ఎవరో ఒక కన్ను వేసి ఉంచుతారు. ఎవరో కూడా ఊహించగలను. ప్రిన్సిపాల్ గారు అప్పుడే నా వైపు కొత్తగా చూస్తున్నారు. పలక ముందుకు జరిపితే వేలిముద్ర వేశాను. భయమేసింది, చాలా భయమేసింది.

బయటి నడవలో సైదమ్మ నా పక్కనే తేలుతూ వచ్చింది. మెస్సు మలుపు దగ్గర ఆగింది.

“టీచర్, నన్ను నమ్మిన్రా?”

“లేదు.”

“మరెందుకు టీచర్?”

“నమ్మకం కుదిరేదాకా నేను కూర్చుంటే, నువ్వు ఓడెక్కేస్తావు కదే” అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.